జీఎం పంటలు కాక వ్యవసాయంలో బయోటెక్నాలజీ ఎక్కడెక్కడుంది?

మీవి మూడు ప్రశ్నలు. వ్యవసాయంలో బయోటెక్నాలజీ అంటే జన్యుమార్పిడి (జీఎం) పంటలేనా? పాడి, రొయ్యలు, బట్టలు, తోళ్లు వంటి అనుబంధ పరిశ్రమల్లో దానికేం పని? ప్యాకెట్లలో అమ్మే జీవన ఎరువులు నిజంగా పనిచేస్తాయా, లేక అవి ఉత్త మట్టి పొట్లాలా? పరీక్షకు చదువుతున్నానని, పుస్తకంలో ఉపయోగాల జాబితా ఉంది గానీ ఒకదానితో ఒకటి అతకడం లేదని కూడా రాశారు.

నేను ఈ రంగంలో పాతికేళ్లకు పైగా ఉన్నాను. మొదట టిష్యూ కల్చర్ ల్యాబ్, తర్వాత జీవన ఎరువుల తయారీ, చివర్లో ఎంజైముల పరిశ్రమ. జాబితా ఎలాగూ మీ పుస్తకంలో ఉంది కాబట్టి దాన్నే మళ్లీ రాయను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఇందులో ఎక్కువ భాగం ప్రాణమున్న సరుకు. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసినది బయటి ఎండను, చలిని, మనుషుల అలవాట్లను తట్టుకుందా లేదా అన్నదాని మీదే ఆ ఉపయోగం నిలబడడమో కూలిపోవడమో జరిగింది. ఆ దృష్టితో చూస్తే మీ జాబితాకు ఒక వరుస దొరుకుతుంది.

టిష్యూ కల్చర్‌తో, అంటే మొక్క ముక్కను సీసాలో పోషకాలిచ్చి పెంచే పద్ధతితో, మొదలుపెడతాను. మొక్కలోని సజీవ కణం ఒక్కటున్నా దాన్నుంచి పూర్తి మొక్కను పెంచవచ్చని 1902లోనే హేబర్‌లాండ్ట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఊహించాడు. చేసి మాత్రం చూపించలేకపోయాడు, హార్మోన్ల సంగతి అప్పటికింకా తెలియదు. 1957లో స్కూగ్, మిల్లర్ ఆ ముడి విప్పారు: ఆక్సిన్ అనే హార్మోను మోతాదు ఎక్కువైతే వేళ్లు వస్తాయి, సైటోకైనిన్ అనే హార్మోను మోతాదు ఎక్కువైతే చిగుళ్లు వస్తాయి. 1962లో మురాషిగే, స్కూగ్ కలిసి రూపొందించిన పోషక మిశ్రమమే 'ఎమ్మెస్ మీడియం'. అరవై ఏళ్లు దాటినా ప్రపంచమంతా ల్యాబుల్లో ఇప్పటికీ దాన్నో, దానికి చిన్న మార్పులు చేసినదాన్నో వాడుతున్నారు. అరటి, చెరకు, ఆర్కిడ్లు, బంగాళాదుంప విత్తన దుంపలు, ఇలా కొమ్మ ద్వారానో దుంప ద్వారానో పెరిగే పంటలకు ఇది వరం. ఒకేలాంటి మొక్కలు వేలకొద్దీ రావడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం వైరస్ లేని మొక్కలు దొరకడం. వైరస్ సోకిన మొక్కలో కూడా చిగురు కొనన ఉండే, మిల్లీమీటరు కూడా లేని మెరిస్టెమ్ భాగానికి రసనాళాలు ఇంకా చేరవు. అందుకని అక్కడికి వైరస్ సాధారణంగా చేరదు. ఆ కొనను మాత్రమే కోసి పెంచితే ఆరోగ్యమైన మొక్క వస్తుంది. 1952లో మోరెల్, మార్టిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు డాలియా మొక్కతో దీన్ని చేసి చూపించారు.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలవుతుంది. సీసాలో ఉన్న మొక్కకు కష్టం తెలియదు. చక్కెర మనమే ఇస్తాం, గాలిలో తేమ దాదాపు నూరు శాతం. అందువల్ల ఆకు మీద మైనపు పొర సరిగా కట్టదు, పత్రరంధ్రాలకు మూసుకోవడం సరిగా రాదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి బయట నాటితే గంటల్లో వాలిపోతుంది. అందుకే కొన్ని వారాలపాటు తేమను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, వెలుతురు పెంచుతూ మొక్కను గట్టిపరచాలి. దీన్నే హార్డెనింగ్ అంటాం. నేను చేరిన తొలి ఏడాది, ఒక సెలవు రోజున మంచుతుంపర చల్లే పంపు ఆగిపోయింది. ఎవరూ చూసుకోలేదు. ఆర్నెల్లు కష్టపడి పెంచిన మొక్కలు మర్నాటికి ఉడికించిన ఆకుకూరలా పడి ఉన్నాయి. ల్యాబ్‌లో మా తప్పేమీ లేదని రిపోర్టు రాశాం. రైతుకు ఆ రిపోర్టుతో ఏం పని?

ఇంకో చిక్కు, క్లోనింగ్ అన్నంత మాత్రాన అన్నీ అచ్చు ఒకేలా ఉండాలని లేదు. ఆయిల్ పామ్‌లో మేలైన చెట్లను టిష్యూ కల్చర్ చేసి నాటితే, కొన్నేళ్లకు కాపు మొదలయ్యాక కొన్ని చెట్లకు వంకర కాయలు, నూనె లేని కాయలు వచ్చాయి. ఎందుకో దశాబ్దాలపాటు తేలలేదు. 2015లో తేలింది: జన్యువు మారలేదు. దాని మధ్యలో దూరి కూర్చున్న ఒక డీఎన్ఏ ముక్క మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు (జన్యువు పనిని అదుపు చేసే రసాయన గుర్తులు) కల్చర్‌లో చెరిగిపోయాయి. ఆ ముక్క పేరు 'కర్మ'. నేను పెట్టిన పేరు కాదు, శాస్త్రవేత్తలు పెట్టిందే. ఇప్పుడు చిన్న ఆకు ముక్కను పరీక్షించి మొక్క దశలోనే చెడ్డ కర్మను ఏరేయవచ్చు.

ఇక జీఎం పంటలు. మీ పుస్తకంలోని జాబితాలో బీటీ పత్తి ఉండే ఉంటుంది. ఆ కథ నిజానికి జన్యుమార్పిడితో మొదలు కాలేదు. 1901లో జపాన్‌లో ఇషివాటా పట్టుపురుగులను చంపుతున్న ఒక బ్యాక్టీరియాను కనిపెట్టాడు. 1911లో జర్మనీలోని తురింజియాలో బెర్లినర్ అదే రకం బ్యాక్టీరియాను పిండిపురుగులో చూసి, తర్వాత ఆ ప్రాంతం పేరు మీదే బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. బీటీ అంటే అదే. ఈ బ్యాక్టీరియా లోపల ప్రొటీన్ స్ఫటికం తయారవుతుంది. గొంగళిపురుగు పొట్టలో క్షారగుణం ఎక్కువ, అక్కడ స్ఫటికం కరిగి, పేగు గోడమీద సరిగ్గా అతుక్కునే చోటు చూసుకుని రంధ్రాలు చేస్తుంది. మన పొట్టలో ఆమ్లం ఉంటుంది, అది అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు. అందుకే మనకు హాని లేదు. 1938కల్లా ఫ్రాన్స్‌లో దీన్ని పిచికారీ మందుగా అమ్మారు. సేంద్రియ సాగులో ఇప్పటికీ వాడతారు.

మరి పిచికారీ ఉండగా జన్యువును మొక్కలో ఎందుకు పెట్టారు? ఎండకు ఆ ప్రొటీన్ కొద్దిరోజుల్లోనే పాడైపోతుంది. పైగా కాయ లోపలికి దూరిన పురుగుకు మందు తగలదు. అదే విషం మొక్క కణాల్లోనే తయారైతే ఈ రెండు చిక్కులూ తీరతాయి. జన్యువును మొక్కలోకి ఎక్కించే దారి కూడా ప్రకృతి నుంచి తీసుకున్నదే. ఆగ్రోబ్యాక్టీరియం అనే మట్టి బ్యాక్టీరియా తన డీఎన్ఏ ముక్కను మొక్క కణంలోకి పంపి కణితి పుట్టిస్తుంది. 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం దాన్ని రుజువు చేసింది. 1983 నాటికి ఆ ముక్కలోంచి కణితి జన్యువులు తీసేసి మనకు కావలసినవి పెట్టడం వచ్చింది. 1996లో అమెరికాలో బీటీ పత్తి సాగు మొదలైంది, భారత్‌లో 2002లో అనుమతి వచ్చింది.

ఇక్కడ రెండు దేశాల అనుభవం పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్షలో రాకపోయినా ఇది తెలుసుకోవాలి. పొలం నిండా విషమున్న మొక్కలే ఉంటే, తట్టుకోగల ఒకటీ అరా పురుగులే బతికి, వాటి సంతానమే మిగులుతుంది. దీనికి విరుగుడుగా పక్కన కొంత మామూలు పత్తి వేయాలి. దాన్ని రెఫ్యూజ్ అంటారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచబరుస్తాయి. అమెరికాలోని అరిజోనాలో ఈ నియమం గట్టిగా పాటించారు. 2006 నుంచి వంధ్యత్వం కలిగించిన రెక్కల పురుగులను కోట్లలో వదిలారు కూడా. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో, పత్తి కాయలోకి దూరి గింజలు తినే గులాబీ రంగు పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు. భారత్‌లో రెఫ్యూజ్ విత్తనాలు చిన్న ప్యాకెట్‌లో విడిగా ఇచ్చేవారు, చాలామంది వేయలేదు. ఎకరంలో కొంత భాగాన్ని పురుగుకు వదిలేయమంటే చిన్న కమతం ఉన్నవాడు ఎలా వదులుతాడు? అదీగాక అక్కడ సాగయ్యేవి హైబ్రిడ్లు. వాటి కాయలోని గింజల్లో కొన్నింటికి బీటీ జన్యువు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గింజలు తినే పురుగుకు అది రోజూ కొంచెం కొంచెం విషం అలవాటు చేయించినట్టే. 2010 నాటికే మొదటితరం బీటీని తట్టుకునే గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో బయటపడింది, తర్వాత రెండు జన్యువుల రకాన్నీ దాటేసింది. జన్యువు రెండు చోట్లా ఒక్కటే. తేడా అంతా సాగు పద్ధతిలో, విత్తన వ్యాపారం తీరులో ఉంది. కాబట్టి బీటీ గెలిచిందా ఓడిందా అని వాదించేవాళ్లు ఏ పురుగు మీద, ఏ ఏడాది, ఎక్కడ అని చెప్పకపోతే ఆ వాదన వినక్కర్లేదు.

కలుపు మందును తట్టుకునే పంటల గురించి ఎక్కువ రాయను. ఒకే మందును ఏటా కొడితే దాన్ని తట్టుకునే కలుపు వస్తుంది, వచ్చింది. వైరస్‌ను తట్టుకునే బొప్పాయి మాత్రం నాకు నచ్చిన ఉదాహరణ. హవాయి దీవుల్లో రింగ్‌స్పాట్ వైరస్ తోటలను తుడిచిపెడుతున్నప్పుడు, డెనిస్ గోన్సాల్వెస్ బృందం ఆ వైరస్ పైతొడుగు జన్యువునే బొప్పాయిలో పెట్టింది. 1998లో విత్తనాలు రైతులకు అందాయి, తోటలు నిలబడ్డాయి. పెద్ద కంపెనీ లాభం కోసం కాక, విశ్వవిద్యాలయ, ప్రభుత్వ శాస్త్రవేత్తలు చేసిన పని అది.

జన్యుమార్పిడి అక్కర్లేని జన్యు పరిజ్ఞానం కూడా ఉంది. దాని పేరు జనానికి పెద్దగా తెలియదు గానీ పొలాల్లో చాలా పని చేస్తోంది: మార్కర్ల (కావలసిన జన్యువును గుర్తుపట్టించే డీఎన్ఏ గుర్తుల) సాయంతో చేసే ప్రజననం. వరి మునిగిపోతే మామూలు రకాలు నీటిపైకి రావాలని ఆత్రంగా సాగి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుచేసుకుని చచ్చిపోతాయి. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఏ అనే పాత రకంలో సబ్1 అనే జన్యువు ఉంది. అది మొక్కను 'కదలకుండా ఉండు' అని ఆపుతుంది. నీరు తీశాక దాచుకున్న శక్తితో మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఈ జన్యువును స్వర్ణ రకంలోకి మామూలు సంకరంతోనే తెచ్చారు. ఎన్నో మొక్కల్లో ఏవి జన్యువును అందుకున్నాయో, ఏవి మిగతా అంతా స్వర్ణలాగే ఉన్నాయో డీఎన్ఏ పరీక్షతో ఏరడం వల్ల పని త్వరగా అయింది. 2009లో స్వర్ణ సబ్1 భారత్‌లో విడుదలైంది. దాదాపు రెండు వారాల మునకను తట్టుకుంటుంది. రైతు తన సాగు పద్ధతిలో ఏమీ మార్చుకోనక్కర్లేదు, తెలిసిన స్వర్ణే కదా. అది అంత త్వరగా పాకడానికి సగం కారణం ఇదే అని నా నమ్మకం. డీఎన్ఏను అనుకున్న చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి కూడా ఇదే దారిలో వస్తోంది. ఉన్న జన్యువులోనే చిన్న మార్పు, బయటి జన్యువు ఉండనక్కర్లేదు. 2021లో జపాన్‌లో గాబా అనే పదార్థం ఎక్కువగా ఉండే టమాటా అమ్మకానికి వచ్చింది.

ఇక పశువులు. నన్నడిగితే వ్యవసాయ బయోటెక్నాలజీ సాధించిన అతిపెద్ద విజయం పంటల్లో లేదు, రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి మీద ఉంది. వాల్టర్ ప్లౌరైట్ కెన్యాలో ఆ వైరస్‌ను దూడ మూత్రపిండ కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి దాని జోరు తగ్గించాడు. అలా 1960 ప్రాంతంలో చవకైన, భద్రమైన టీకా వచ్చింది. అయినా జబ్బు పోలేదు. ఎందుకంటే టీకాను చల్లగా ఉంచాలి, జబ్బేమో రోడ్లు, కరెంటు లేని చోట్ల సంచార పశుపాలకుల మందల్లో దాక్కుంది. తర్వాత జెఫ్రీ మారినర్ ఆ టీకానే ఆరబెట్టే పద్ధతి మార్చి, ఫ్రిజ్ లేకుండా వారాలపాటు బతికేలా చేశాడు. టీకాను సంచిలో వేసుకుని నడిచి వెళ్లగలిగాకే చివరి మందల దాకా చేరారు. 2011లో ఆ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో వ్యాధి ఇదే.

కృత్రిమ గర్భధారణ, పిండ మార్పిడి మీకు తెలిసినవే. ఆడదూడలే పుట్టేలా వీర్యకణాలను వేరుచేసే పద్ధతి మాత్రం చెప్పాలి. పశువుల్లో ఎక్స్ క్రోమోజోమ్ ఉన్న వీర్యకణంలో డీఎన్ఏ వై ఉన్నదానికన్నా సుమారు 4 శాతం ఎక్కువ. రంగువేసి లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా పంపితే ఆ చిన్న తేడాతోనే యంత్రం వాటిని విడదీస్తుంది. పదిలో తొమ్మిదిసార్లు ఆడదూడే. కాకపోతే ఆ ప్రయాణంలో వీర్యకణాలు కొంత దెబ్బతింటాయి, చూలు కట్టే శాతం తగ్గుతుంది. ఎదను సరిగ్గా గుర్తించని చోట దీనికి పెట్టిన డబ్బు వృథా.

రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ చెరువుకు చెరువును ముంచుతుంది. దానికి మందు లేదు. హేచరీ నుంచి పిల్లలు తెచ్చేముందు, వైరస్ డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించడమే రక్షణ. కానీ నెగెటివ్ అని కాగితం రాగానే నిశ్చింత పడకండి. లక్షల పిల్లల్లోంచి 150 తీసి పరీక్షిస్తే, నూటికి రెండింటికైనా వైరస్ ఉన్నప్పుడు దొరికే అవకాశం 95 శాతం. అంతకన్నా తక్కువ పిల్లలకు ఉంటే తప్పించుకోవచ్చు. ఏ పరీక్షయినా శాంపిల్ ఎలా తీశారన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఎంజైముల పరిశ్రమలోకి మారాక నాకు నిద్ర బాగా పట్టింది. కారణం ఒక్కటే, ఎంజైముకు ప్రాణం లేదు. సూక్ష్మజీవిని స్టీలు ట్యాంకులో మన అదుపులో పెంచి, అది చేసిన ప్రొటీన్‌ను వడగట్టి అమ్ముతాం. అందుకే అనుబంధ పరిశ్రమల్లో బయోటెక్నాలజీ పెద్ద చప్పుడు లేకుండా బాగా పాతుకుపోయింది ఇక్కడే. చీజ్ చేయడానికి పాలు విరగాలంటే కైమోసిన్ కావాలి. ఒకప్పుడు పాలు తాగే దూడ నాలుగో కడుపులోంచి తీసేవారు. 1990లో, దూడ జన్యువు పెట్టిన సూక్ష్మజీవులు చేసే కైమోసిన్‌కు అమెరికా అనుమతిచ్చింది. ఇప్పుడు అక్కడి చీజ్‌లో అత్యధికం దాంతోనే. జీఎం అంటే భయపడేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! కోళ్ల దాణాలో వాడే ఫైటేజ్ ఇంకో మంచి ఉదాహరణ. గింజల్లో ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్‌గా బంధించి ఉంటుంది. కోడి, పంది దాన్ని విడగొట్టుకోలేవు. ఆవుకు ఆ బాధ లేదు, దాని రూమెన్‌లోని (మొదటి పెద్ద కడుపులోని) సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. దాణాలో ఫైటేజ్ కలిపితే బయటినుంచి వేసే ఫాస్ఫేట్ తగ్గుతుంది, రెట్టలో వృథాగా పోయి చెరువులను చెడగొట్టే ఫాస్ఫరస్ కూడా తగ్గుతుంది. బట్టల మిల్లులో నూలుకు పెట్టిన గంజిని తీయడానికి అమైలేజ్, బట్ట మీది నూగును నున్నగా చేయడానికి సెల్యులేజ్ వాడతారు. తోళ్ల సంగతి చెబితే ముక్కు మూసుకుంటారు: తోలును మెత్తబరచడానికి వెనకటి రోజుల్లో కుక్క మలం, పావురాల రెట్ట వాడేవారు. పనిచేసేది వాటిలోని ఎంజైములే. ఓటో రోమ్ అనే జర్మన్ 1907 ప్రాంతంలో ఆ పనిని శుభ్రమైన ఎంజైముతో చేయించి పెద్ద కంపెనీయే కట్టాడు.

చివరికి మీ మూడో ప్రశ్న, జీవన ఎరువుల ప్యాకెట్లు. సరైనది, బతికున్నది, సరిగ్గా వాడితే పనిచేస్తుంది. ఈ మూడు మాటలూ ముఖ్యమే. రైజోబియం అనే బ్యాక్టీరియా పప్పుజాతి మొక్కల వేరులో బుడిపె కట్టించి గాలిలోని నత్రజనిని పట్టిస్తుందని 1880ల్లోనే తేలింది. బ్రెజిల్‌లో సోయా దాదాపుగా నత్రజని ఎరువు లేకుండానే పండుతోంది. అక్కడి మట్టిలో సోయాకు తగిన బ్యాక్టీరియా మొదట్లో లేదు, బయటినుంచే ఇచ్చారు. జొహానా డోబెరైనర్, ఆ తర్వాత మరియాంజెలా హుంగ్రియా వంటివారు దశాబ్దాలు దానిమీదే కూర్చున్నారు. హుంగ్రియాకు 2025లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. ఏ మట్టిలో తగిన బ్యాక్టీరియా లేదో అక్కడ ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటికే దండిగా ఉన్నచోట మీ ప్యాకెట్ తేడా చూపించకపోవచ్చు. అది మోసం కాదు. సోయా బ్యాక్టీరియా శనగకు పనికిరాదు, కాబట్టి పంట పేరు చూడకుండా కొంటే డబ్బు దండగ.

బతికి ఉండడమన్నది నాకు తగిలిన దెబ్బ. మా యూనిట్ నుంచి గ్రాముకు కోట్లలో కణాలతో బయల్దేరిన సరుకును, ఒకసారి దారిలో ఎండలో మూడు రోజులు నిలిపిన లారీ నుంచి వెనక్కి తెప్పించి లెక్కపెట్టాను. బ్యాక్టీరియాను పెంచే పళ్లెంలో కాలనీలు (ఒక్కో బతికిన కణం నుంచి పెరిగిన చుక్కలు) వేళ్లమీద లెక్కపెట్టేలా ఉన్నాయి. ప్యాకెట్ మీద తేదీ ఇంకా ఐదు నెలలు ఉంది. చూడ్డానికి, వాసనకు తేడా ఏమీ లేదు. అందుకే మట్టి పొట్లం అనే మీ అనుమానం పూర్తిగా తప్పనలేను. ఇక విత్తనానికి శిలీంద్రనాశిని పట్టించి దానిమీదే బ్యాక్టీరియా కలిపితే, మందును బట్టి అదీ చస్తుంది.

మీ ల్యాబ్‌లో పళ్లేలు ఉంటే ప్యాకెట్ కొని పలచన చేసి మీరే లెక్కపెట్టి చూడండి, ప్రాజెక్టుకు కూడా పనికొస్తుంది. పళ్లేలు లేకపోయినా పర్లేదు. కలిపి కొంత, కలపకుండా కొంత విత్తండి. పూత సమయానికి రెండు వైపులా మొక్కలను తవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగో ఎరుపో కనిపించాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. నత్రజనిని పట్టే ఎంజైము దగ్గర ఆక్సిజన్ పోగుపడకుండా అదే కాపలా. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు, లేదా ఆ బ్యాక్టీరియాకు ఈ పంటతో పొసగలేదు. ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయింది. కలపని వైపు కూడా అన్నే ఎర్ర బుడిపెలు కనిపిస్తే, ఆ పొలానికి ఆ ప్యాకెట్ అక్కర్లేదు.